మైదానమున గీతలు గీయువారు

ఫుట్‌బాలు పందెము ముగిసిన పిమ్మట శ్రోతలకు రేడియోలో వినవచ్చునవి రెండే సంగతులు: ఏ జట్టు గెలిచినది, గోలు ఎవరు కొట్టిరి. మరునాటి పత్రికలోను అవియే యుండును. ఇది సహజము. బంతి యెక్కడ నుండునో చూపును అక్కడనే యుండును. వ్యాఖ్యాత మాటయు దాని వెంటనే పరుగెత్తవలెను. అయితే బంతి కదలుటకు ముందే జరిగిపోయిన పని యొకటి కలదు. ఆ పని చేయువారు, పిల్లలకు ఆట నేర్పువారు, నేర్చుకొను పిల్లలు – ఈ మూడు తెగలవారికిని సంఘమునుండి రావలసిన గుర్తింపునుగూర్చి ఈ ప్రసంగమున కొంత ముచ్చటింపదలచితిమి.

మొదట ఒక చిన్న లెక్క. అంతర్జాతీయ పందెములకు ఒప్పుకొను మైదానములలో మిక్కిలి చిన్నది 100 మీటర్ల పొడవు, 64 మీటర్ల వెడల్పు గలది. దాని నాలుగు వైపుల హద్దుగీతయే 328 మీటర్లగును. నడిమి గీత 64 మీటర్లు. ఇక రెండు కొసలను గోలు కంబముల ముందు పెద్ద పెట్టె, దానిలో చిన్న పెట్టె, పెట్టె వెలుపలి విల్లు, మైదానము నడుమ 9.15 మీటర్ల వ్యాసార్ధముగల వలయము, నాలుగు మూలల వంపులు – అన్నియు కూడగా గీయవలసిన గీత సుమారు 700 మీటర్లు. పాత కొలతలో చెప్పవలెనన్న మూడున్నర ఫర్లాంగులు. పల్లెటూరి పాఠశాలలో దీనిని గీయుటకు యంత్రముండదు. పురికొస లాగి కట్టి, అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలో సున్నపుపొడి నింపి, నడుము వంచి ఒక మనుష్యుడు ఆ మూడున్నర ఫర్లాంగులును నడువవలెను. ఉదయము ఎనిమిది గంటలకు ఆటయైనచో ఆయన తెల్లవారకముందే అక్కడ నుండవలెను. రాత్రి వాన కురిసినచో మరల మొదటినుండి గీయవలెను. ఆ మనుష్యుని పేరు ఏ వ్యాఖ్యాతయు చెప్పగా మేము వినలేదు.

మద్దికెర, తుగ్గలి, పత్తికొండ, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు – కర్నూలు జిల్లా పడమటి భాగమున నున్న ఈ యూళ్ళ పాఠశాలలలో ఆ డబ్బా పట్టువాడు చాలవరకు డ్రిల్లు సారే. ప్రభుత్వ పత్రములలో ఆయన వ్యాయామోపాధ్యాయుడు; పిల్లల నోట మాత్రము డ్రిల్లు సారు. ఉదయము ప్రార్థనవేళ పిల్లలను వరుసలు తీర్చునది ఆయన. ఏ ఉపాధ్యాయుడైన రానినాడు ఆ తరగతిని చూచుకొనునది ఆయన. ఆగస్టు పదునైదున జెండా కంబము నిలుపునది ఆయన. ఇన్ని పనులైన పిదప, సాయంకాలపు గంట కొట్టి తక్కినవారు ఇండ్లకు పోవువేళ, బంతి బయటకు తీయునదియు ఆయనయే. ఈ చివరి పనికి జీతపు పుస్తకమున గడి లేదు.

ఆయన వెనుక మరికొందరు గలరు. ఒకప్పుడు కళాశాల జట్టులో ఆడి, ఇప్పుడు బ్యాంకులోనో పత్తి మిల్లులోనో ఉద్యోగము చేయుచు, సాయంకాలము బూట్లు తొడుగుకొని వచ్చువాడొకడు. పందెమునాడు ఈల పట్టుకొని ఇరుపక్షముల తిట్లను సమానముగా భరించువాడొకడు. దెబ్బ తగిలిన పిల్లవానిని తన మోటారుసైకిలుపై ఆసుపత్రికి చేర్చు దుకాణదారుడొకడు. బాలికలు పొరుగూరికి ఆడబోవునప్పుడు వెంట వెళ్ళు అక్క యొకతె. ఆమె రానిచో తల్లిదండ్రులు బిడ్డలను గడప దాటనీయరు. వీరినందరిని కలిపి వాలంటీర్లని వ్రాయుట పత్రికల వాడుక. మన యూళ్ళలో వీరికి ప్రత్యేకముగ పేరేమియు లేదు. అడిగినచో “ఏదో పిల్లలకోసము వచ్చుచుందుము” అందురు.

పల్లెలోని డ్రిల్లు సారునకును దేశపు గెలుపునకును సంబంధమేమి యని కొందరడుగవచ్చును. సంబంధమున్నదని చూపుటకు మన గడ్డమీదనే గొప్ప నిదర్శనము కలదు.

1909 ఆగస్టు 17న హైదరాబాదున జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు; వృత్తిచేత బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు మొదలుగా నగరపు పాఠశాలలలో పనిచేసిరి. వ్యాయామవిద్యలో డిప్లొమా పొంది పిల్లల ఆటల భారమును తలకెత్తుకొనిరి. 1940వ దశకము మొదలు మరణపర్యంతము హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శిగా నుండిరి. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ జట్టు బొంబాయిలో అప్పట్లో జరుగుచుండిన రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు గెలిచినది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరానును 1–0తో ఓడించి స్వర్ణపతకము పొందెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్కులలో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనలు చేరి, నాలుగవ స్థానమున నిలిచెను. ఒలింపిక్కు ఫుట్‌బాలున అంతదూరము పోయిన మొదటి ఆసియా జట్టు అదియే. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాపై 2–1తో మరల స్వర్ణము. ఆనాటికే ఆయన శరీరమును క్యాన్సరు వ్యాధి తినుచుండెను. 1963 జూను 11న రహీముగారు మరణించిరి. అటుపిమ్మట ఆసియా క్రీడల ఫుట్‌బాలున మన దేశమునకు స్వర్ణము రాలేదు.

ఈ పతకముల మాట చాలమంది యెరుగుదురు. మాకు అంతకంటె ముఖ్యమని తోచునది ఆయన కుర్రవాండ్రకు పెట్టిన పందెముల తీరు. బంతిని తనవద్దనే యుంచుకొని ఒంటరిగా దూసుకొనిపోవుటను నిషేధించి ఆయన ప్రత్యేకముగా పోటీలు నడిపిరి. బంతి అందిన వెంటనే తోటివానికి అందింపవలెను. బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమము కూడ పెట్టెడివారని చెప్పుకొందురు. దీని ఫలమెట్టిదో ఏ బడి మైదానమున నిలిచి చూచినను బోధపడును. మామూలుగా పిల్లల ఆటలో బలిష్ఠుడైన కుర్రవాడొకడు బంతిని చేజిక్కించుకొనును. తక్కిన పదిమందియు వాని వెనుక పరుగెత్తి పరుగెత్తి విసిగి, నాలుగు దినములలో ఆట మానుకొందురు. రహీముగారి నియమముతో ఆడినచో పదునొకండుగురకును బంతి తగులును. పొట్టివాడును పనికివచ్చును. ఇది పెద్ద జట్టుల నాయకునికి తట్టు ఆలోచన కాదు. నలువదిమంది పిల్లలు, ఒక్క బంతి గల బడిపంతులునకు తట్టు ఆలోచన. పిమ్మట హైదరాబాదు జట్టు 1956–57, 1957–58 సంవత్సరములలో వరుసగా సంతోష్ ట్రోఫీ గెలుచుటకును, భారత జట్టు పొట్టి పాసులతో ఆసియాను గెలుచుటకును వేరు ఇక్కడనే యున్నదని మా నమ్మకము.

సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పేదకుటుంబమున పెరిగిన తులసీదాసు బలరాము కథయు ఇట్టిదే. అమ్ముగూడనుండి నగరమునకు అభ్యాసమునకై వచ్చుటకు ఆ కుర్రవానికి దారిఖర్చు లేదు. అద్దె సైకిలుపై రమ్మని చెప్పి ఆ యద్దె డబ్బు రహీముగారే యిచ్చెడివారట. ఆ సైకిలు ఎక్కివచ్చిన బలరాము 1956, 1960 ఒలింపిక్కులలోను, జకార్తాలోను ఆడెను. 1962లో అర్జున పురస్కారము పొందెను. 2023 ఫిబ్రవరిలో ఆయన మరణించినప్పుడు దేశమంతటి పత్రికలు వ్రాసినవి. అద్దె సైకిలు ఖర్చు ఏ సంఘపు జమాఖర్చులోను కానరాదు. కాని అది లేనిదే మిగిలినది లేదు.

మరి రహీముగారికి జరిగిన సత్కారమేమి? ఆటగాండ్రకు అర్జున పురస్కారము 1961లో ఏర్పడినది. ఫుట్‌బాలున మొదటగా అందుకొన్నవారు ఆయన శిష్యులే యైన పి.కె. బెనర్జీ. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కారము 1985లో గాని ఏర్పడలేదు. అప్పటికి రహీముగారు పోయి ఇరువదిరెండేండ్లు. ఆ పురస్కారమును ఫుట్‌బాలున మొట్టమొదట పొందినవారు, 1990లో, హైదరాబాదువాసియే యైన సయ్యద్ నయీముద్దీన్. ఆ తరువాత రెండవవారికి, బిమల్ ఘోషునకు, అది 2022లో వచ్చెను. నడుమ ముప్పదిరెండు సంవత్సరములు! ఇంత పెద్ద దేశమున ఆ ముప్పదిరెండేండ్లలో పిల్లలకు ఫుట్‌బాలు నేర్పినవారెవ్వరును లేరని అనుకొనవలెనా? రహీముగారి కుమారుడు, 1960 రోము ఒలింపిక్కు జట్టు సభ్యుడు, తరువాత అంతర్జాతీయ రెఫరీ యైన ఎస్.ఎస్. హకీముగారికి ధ్యాన్‌చంద్ పురస్కారము 2017లో లభించెను. ఆయన 2021లో మరణించిరి. తండ్రి పేరు సామాన్య జనుల నోట మరల వినబడినది 2024లో ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చిన పిదపనే. మరణించిన అరువది యేండ్లకు సినిమా తీయుట మంచిదే. బ్రతికియుండగా సైకిలు అద్దెకు తోడ్పడుట అంతకంటె మంచిది.

నేటి మాటకు వత్తము. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య తొలుత పరుగుపందెముల పిల్ల. జిల్లాలోని శిక్షకుడొకరు ఆమె వేగమును చూచి ఫుట్‌బాలు వైపు మళ్ళించిరి. ఆమె భారత జట్టున చేరినది. 2022లో యూరపు ఖండమున క్రొయేషియా దేశపు దినామో జాగ్రెబ్ జట్టులో ఆడుటకు ఎన్నికైనది. 2024–25 సంవత్సరమునకు అఖిల భారత ఫుట్‌బాలు సమాఖ్య ఆమెను దేశమున ఉత్తమ క్రీడాకారిణిగా సత్కరించినది. ఇట్టి సత్కారములలో పలకపై ఒక్క పేరే పట్టును. ఆ పలకకు మేము అడ్డు చెప్పుట లేదు. అయితే పరుగుపందెపు గీతపై నిలిచిన పిల్లలో ఫుట్‌బాలు ఆటగత్తెను చూడగలిగిన కన్ను కూడ ఒక పలకకు తగినదే.

మద్దికెర దాటి గుంతకల్లు చేరినచో అనంతపురము జిల్లాయే. అక్కడ విన్సెంట్ ఫెర్రరుగారు 1969లో స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, పాఠశాలలు, ఆసుపత్రులతోపాటు క్రీడాగ్రామమును కూడ నిర్మించినది. 2010లో స్పెయిను దేశపు టెన్నిసు వీరుడు రఫాయెల్ నడాల్ పేరిటి ఫౌండేషను అక్కడ టెన్నిసు పాఠశాల తెరచిన వార్త శ్రోతలకు జ్ఞప్తి యుండవచ్చును. ఫుట్‌బాలునకు కూడ అక్కడ అకాడమీ ఏర్పడి, పల్లె పిల్లలు, ముఖ్యముగ బాలికలు, ఆటయు చదువును కలిపి సాగించుటకు వీలు కలిగినది. కరవు జిల్లాలో ఇది సాధ్యమైనదన్న కర్నూలు పడమటి మండలములలో ఏల కారాదు? డబ్బు ఒక కారణమే. కాని డబ్బు వచ్చిన చోటనైనను, ఊరూర సాయంకాలము ఈల పట్టుకొని నిలుచు మనుష్యుడు లేనిచో అకాడమీకి పిల్లలు ఎక్కడనుండి వత్తురు?

మద్దికెర ప్రాంతమున ఈ మనుష్యుని పనికి ఒక ప్రత్యేకత కలదు. ఇది వాన నమ్ముకొన్న సేద్యపు నేల. వేరుసెనగ, పత్తి చేతికి వచ్చిన పిదపనో, రాక యెండిపోయిన పిదపనో, కుటుంబములు మూట గట్టుకొని సుగ్గికి పోవును. సుగ్గి యనగా కూలికై దూరదేశము పోవుట. ఈ సీమవారికి చెప్పనక్కరలేదు, కోస్తా శ్రోతలకై చెప్పుచున్నాము. గుంటూరు మిరపతోటలలో కాయ కోయుటకు కొందరు, బెంగుళూరు కట్టడముల పనికి కొందరు. పిల్లలును వెంట పోవుదురు. బడిలో పేరుండును, పిల్లవాడుండడు.

ఫుట్‌బాలు నిబంధనలలో ఒకటి యున్నది: ఏ జట్టున నైనను ఏడుగురికంటె తక్కువ యున్నచో పందెము ఆరంభింపరాదు. పట్టణపు జట్లకు ఈ నిబంధనతో పని పడుట అరుదు. ఈ పల్లెల డ్రిల్లు సారునకు అది నిత్యము కంటి యెదుట నుండు నిబంధన. సెప్టెంబరులో పదునైదుగురి పేర్లు వ్రాసి జట్టు కూర్చుకొన్నా డనుకొందము. సంక్రాంతి నాటికి ఏడుగురు మిగులుదురా, ఆరుగురా? అప్పుడాయన చేయు పని ఆట నేర్పుట కాదు. ఇంటింటికి పోయి తాతతోను అవ్వతోను మాటలాడి, “వీనిని నీ దగ్గర నుంచుకొమ్ము, పరీక్షలైన పిదప పంపుదము” అని బతిమాలుట. అవ్వ లేనిచో వలసవారి పిల్లలకై తెరచు సీజనల్ హాస్టలున చేర్పించుట. బాలికయైనచో కస్తూర్బా విద్యాలయమున చోటు దొరకునేమో విచారించుట. పాఠము పేరు చెప్పినచో కదలని పిల్లవాడు బంతి పేరు చెప్పినచో నిలుచును. ఆ బంతి ఆశ వానిని బడిలో పట్టియుంచు పగ్గము. అట్లు నిలిచిన పిల్లవాడు దేశమునకు ఆడకపోవచ్చును, మండలమునకును ఆడకపోవచ్చును. పదవ తరగతి పరీక్ష వ్రాయును. ఈ గెలుపును ఏ కప్పుతో కొలువవలెను?

శిక్షకుని సత్కరింపదలచువారు మొట్టమొదట తేల్చుకొనవలసిన ప్రశ్న ఇదియే. గెలిచిన కప్పులను లెక్కించి బహుమతి యిచ్చినచో శిక్షకుడు కప్పుకొరకే ఆడించును. ఎదిగిన కుర్రవాండ్రనే దింపును. ఇంకను కండ పట్టని చిన్నవానిని ఆట పొడుగునను బయట కూర్చుండబెట్టును. అంతకంటె చెడ్డ పనికిని దారి తీయును. వయస్సు తగ్గించి వ్రాసి పదునేడేండ్లవానిని పదునాలుగేండ్లవారితో ఆడించుట మన దేశమున పాతజబ్బు. ఎముకల ఎక్స్‌రే తీసి వయస్సు నిర్ణయించు పరీక్షను ఫుట్‌బాలు సమాఖ్య పెట్టవలసి వచ్చినదన్న ఆ జబ్బు ఎంత ముదిరినదో ఊహింపవచ్చును. అట్లు గాక, జూనులో ఎందరు పిల్లలు చేరిరి, మార్చిలో ఎందరు మిగిలిరి అని లెక్క చూచినచో? ఆ లెక్కకు ఎక్స్‌రే యక్కరలేదు. డ్రిల్లు సారువద్ద నున్న హాజరుపట్టీ చాలును.

ఇతర దేశములలో ఈ విషయమై కొంత కృషి జరిగినది. యూరపు ఫుట్‌బాలు సమాఖ్య 2010 మొదలు అడుగుమట్టపు ఆటకు పాటుబడు వ్యక్తులకు, క్లబ్బులకు ఏటేట బహుమతు లిచ్చు పద్ధతి పెట్టినది. మన సమాఖ్య 2018లో ఆరు మొదలు పండ్రెండేండ్ల లోపు పిల్లలకై ‘గోల్డెన్ బేబీ లీగ్’ అను పేర పోటీలు ఆరంభించినది; పిదప వానికి ‘బ్లూ కబ్స్’ అని పేరు మారినది. చిన్న మైదానము, చిన్న జట్లు, ప్రతి బిడ్డకును ఆడుటకు అవకాశము – ఇవి వాని సూత్రములు. తల్లిదండ్రులే పూనుకొని నడుపుకొనవచ్చుననుట అందులోని మేలైన మాట. శిక్షకులకు కూడ మెట్లు మెట్లుగా లైసెన్సు పరీక్షలు గలవు. అన్నిటికంటె క్రింది మెట్లను ‘ఇ’, ‘డి’ అందురు. పల్లెలో పదేండ్లుగా ఆడించుచున్నవానికి శాలువ కప్పుటకంటె ఆ పరీక్షకు రుసుము కట్టి, పోయి వచ్చుటకు దారిఖర్చు లిచ్చి పంపుట మేలు. లైసెన్సు చేతికి వచ్చినచో ఆయన మాటకు ఊరిలో విలువ పెరుగును, అకాడమీలవారును పలుకరింతురు.

శాలువ మాట వచ్చినది గనుక ఒక్క సంగతి. మన సన్మానసభల తీరు శ్రోతలెరుగనిది కాదు. వేదికమీద పదునేడు కుర్చీలు. వచ్చిన పెద్దలకందరికిని ముందు శాలువలు, పూలదండలు. ఉపన్యాసములు రెండున్నర గంటలు. ఎండలో బారులు తీరి కూర్చున్న పిల్లలలో ఇద్దరు సొమ్మసిల్లుదురు. తీరా సన్మానింపవలసిన డ్రిల్లు సారు ఎక్కడయని వెదకినచో, ఆయన మైకు పనిచేయుటలేదని ఎలక్ట్రీషియను వెంట పరుగెత్తుచుండును, లేదా సొమ్మసిల్లిన పిల్లలకు నీరు పట్టుచుండును. ఇట్టి గుర్తింపు కంటె ఉదయపు ప్రార్థనలో ప్రధానోపాధ్యాయులు రెండు వాక్యములు చెప్పుట మిన్న: “నిన్న మన జట్టు ఆలూరునకు పోయి యాడి వచ్చినది. వెంట వెళ్ళినవారు, మైదానము సిద్ధము చేసినవారు వీరు” అని పేర్లతో చెప్పవలెను. ఖర్చు లేదు. పిల్లల తల్లిదండ్రుల చెవికిని అది సాయంకాలములోగా చేరును.

సేవకు ప్రతిఫలమేల, నిజమైన సేవకుడు పేరు కోరునా అని వాదించువారు గలరు. కోరడు, నిజమే. ఆయన కోరకపోవుట ఆయన గొప్పదనము. మన మీయకుండుటకు అది సాకు కారాదు. పైగా ఇందులో ఆయన యొక్కని సుఖమే కాదు ఉన్నది. పేరు లేని పనికి వారసులు దొరకరు. డ్రిల్లు సారు బదిలీయైన నాడే చాల పాఠశాలలలో ఆట ఆగిపోవుట మనము చూచుచున్నాము. ఆయన చేసిన దేమో ఎవ్వరును ఎన్నడును చెప్పియుండలేదు గనుక, తరువాత వచ్చువానికి ఏమి కొనసాగింపవలెనో తెలియదు.

ఎమ్మిగనూరువారికి ఈ మాట సులభముగ బోధపడును. అక్కడ చేనేత సహకార సంఘమును నిలబెట్టిన మాచాని సోమప్పగారికి పద్మశ్రీ వచ్చినది, ఊరంతయు గర్వించినది. కాని చీర మగ్గమెక్కుటకు ముందు కండెలు చుట్టువారు, అచ్చు అతుకువారు ఎందరో కలరు. వారి పేరు చీర అంచున నుండదు. అయినను ఎవరు అతికిన అచ్చు తెగదో నేతపేటలో అందరికిని తెలియును. పిలిచి మరీ పని యిత్తురు. ఆపాటి తెలివిడి ఆటల విషయమునను ఊరికి ఉండవలెనని మా కోరిక.

ఇక పిల్లల మాట. పెద్దలను గుర్తింపకపోవుట ఒక దోషమైనచో, పిల్లలను తొందరపడి పొగడుట మరియొక దోషము. పదేండ్లవాడు మూడు గోలులు కొట్టెనని దండవేసి ఊరేగించినచో రేపటినుండి వాడు తోటివానికి బంతి యీయడు. వాని తండ్రి గీత వెలుపల నిలిచి, “నీవే కొట్టు, నీవే కొట్టు” అని కేకలు వేయును. ఇటలీ దేశపు రెండవ శ్రేణి పోటీలలో 2016లో ఒక ఆటగానికి రెఫరీ పచ్చకార్డు లభించునట్లు చేసిన ముచ్చట చెప్పదగినది. తనకు కార్నరు కిక్కు దక్కునట్లున్నప్పుడు, బంతి ప్రత్యర్థికి తగులలేదని తానే రెఫరీతో నిజము చెప్పెను. పసుపు కార్డు, ఎర్రకార్డు తప్పులకు, పచ్చకార్డు మర్యాదకు. మన పాఠశాలలలో రంగు కాగితము కత్తిరించి ఈ కార్డు చేసికొనుటకు అర్ధరూపాయి కూడ కాదు. క్రింద పడిన ఎదుటి జట్టువానికి చేయి అందించినవానికి, గోలు కీపరు ఏడ్చుచున్నప్పుడు పోయి భుజము తట్టినవానికి, సుగ్గినుండి తిరిగివచ్చిన తోటిపిల్లవానికి తన బూట్లు ఒక పూట ఇచ్చినదానికి ఆ కార్డు చూపి పేరు పిలిచినచో, గోలు కొట్టలేని పిల్లలకును మైదానమున చోటున్నదని తెలియును.

పిల్లలకు వ్రాసి యిచ్చు యోగ్యతాపత్రమునుగూర్చి కూడ కొంత కచ్చితముగ చెప్పవలెను. బంగారు అంచు, రెండు సింహములు, నడుమ ‘పాల్గొనెను’ అను ఒక్క మాట – ఇట్టి కాగితము గోడకు పనికివచ్చును గాని పిల్లవానికి పనికిరాదు. క్రీడాకారులకు కళాశాల ప్రవేశములలోను, ఉద్యోగములలోను కొంత వాటా కలదు. ఆ వాటా అడుగబోయిననాడు అధికారి చూచునది అలంకారము కాదు: పాఠశాల రికార్డులో నున్న పేరే ఇందులోను ఉన్నదా, పుట్టినతేది సరిపోయినదా, పోటీ మండలస్థాయిదా జిల్లాస్థాయిదా, ఏ తేదీలలో ఎక్కడ జరిగినది, సంతకము చేసినవారి కా యధికార మున్నదా. ఒక్క అక్షరము తప్పు పడినందున పదునెనిమిదేండ్ల నాడు తిప్పలు పడువారున్నారు. తండ్రి పేరుతో సహా నిదానముగ అడిగి, చదివి వినిపించి, తప్పు లేకుండ నింపి యిచ్చిన కాగితమే నిజమైన గుర్తింపు. దానిని నింపుటకు కూర్చుండు వాలంటీరు, మైదానమున గీత గీయువానితో సమానుడు.

ఆటను అడుగుమట్టమునుండి పెంచువారిని తలచుకొనుటకు అఖిల భారత సమాఖ్య 2020లో ఒక దినమును ఏర్పరచినది. జకార్తా ఫైనలున గోలు కొట్టిన రహీముగారి శిష్యుడు పి.కె. బెనర్జీ ఆ సంవత్సరము మార్చిలో మరణించిరి. ఆయన పుట్టినరోజైన జూను 23వ తేదీని గ్రాస్‌రూట్సు దినముగా నిర్ణయించిరి. ఆ తేదీ మన పాఠశాలలకు అనుకూలమైనది. జూను రెండవ వారమున బడులు తెరచెదరు; కొత్త పిల్లల పేర్లు హాజరుపట్టీలో ఎక్కుచుండును; సుగ్గికి పోయినవారు తొలకరి దుక్కులకై తిరిగి వచ్చియుందురు. నిరుటి హాజరుపట్టీ బయటకు తీసి, ఎందరు చేరిరో, ఎందరు నిలిచిరో ఆ దినమున మద్దికెరలోనో తుగ్గలిలోనో ఊరివారి యెదుట చదువవచ్చును. చదువుటకు పది నిమిషములు చాలును. ఆ తరువాత పిల్లలు ఆడుకొనవచ్చును.